సీసా మీద సంవత్సరం గుండెకు హామీపత్రం కాదు



బ్రహ్మంగారిమఠం, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాల నుండి వెళ్లి అమెరికాలోనో, ఐరోపాలోనో స్థిరపడిన పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చే కానుకలలో ఈ మధ్య ఒక కొత్త వస్తువు చేరింది. అది ఫ్రెంచి రెడ్ వైన్ సీసా. "నాన్నా, ఇది మామూలు మందు కాదు, గుండెకు మంచిది, రాత్రి భోజనంతో ఒక గ్లాసు తీసుకో" అన్న మాట కూడా దానితోపాటే ఇంట్లోకి వస్తుంది. ఆ తండ్రికి సాధారణంగా అరవై దాటి ఉంటాయి. షుగరుకో, రక్తపోటుకో రోజూ మాత్రలు వేసుకుంటూ ఉంటాడు. ఆ తరువాత రెండు ప్రశ్నలు నా వద్దకు వస్తాయి. "డాక్టరుగారూ, సీసా మీద 2010 అని ఉంది, పాతదైతే ఎక్కువ మంచిదట కదా?" అన్నది మొదటిది. "గుండెకు నిజంగా మేలేనా?" అన్నది రెండవది.

ఈ రెండు ప్రశ్నలూ వేరు వేరు. మొదటిది రుచికి సంబంధించినది. దానికి కొంతవరకు నిజమైన సమాధానం ఉంది. రెండవది ఆరోగ్యానికి సంబంధించినది. దానికి సీసా మీది సంవత్సరంలో ఏ సమాధానమూ లేదు. రుచి విషయంలో ఫ్రెంచి వైనుకు లోకం ఇచ్చే గౌరవాన్ని మనం తెలియకుండానే ఆరోగ్యం ఖాతాలో జమ చేసుకుంటున్నాం. ప్రమాదం అక్కడే ఉందని నా అభిప్రాయం.

సంవత్సరం ఏమి చెబుతుంది?

సీసా మీది సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. వైనును సీసాలో నింపినదీ, అమ్మకానికి పెట్టినదీ ఆ తరువాతి సంగతులు. ఇందులోని మర్మం మన రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. పులివెందుల చీనీకాయ అన్ని ఏళ్లలోనూ ఒకే తీపిగా ఉండదు. మైదుకూరు వైపు పసుపు తవ్వే సమయంలో వాన పడిన ఏడు వేరు, పొడిగా సాగిన ఏడు వేరు. ద్రాక్ష కూడా అంతే. వేసవి ఎండ సరిగా కాసి, సెప్టెంబరులో కోతకు ముందు వానలు పడకపోతే పండు చక్కగా పండుతుంది. ఆఖరి రోజుల్లో వాన పడితే పండులో నీరు చేరి రసం పలుచబడుతుంది, కుళ్లు పడుతుంది.

ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 1961, 1982, 2005, 2009, 2010 గొప్ప పంట ఏళ్లుగా పేరు పొందాయి. 2013 చల్లగా, తడిగా గడిచి రైతులను ఇబ్బంది పెట్టింది. 1956 ఫిబ్రవరిలో వచ్చిన తీవ్రమైన మంచు లెక్కలేనన్ని తీగలను చంపివేసింది. 2003లో ఐరోపాను వడగాడ్పులు కుదిపివేసిన ఏట పండ్లు ఎండకు మగ్గిపోయాయి. కనుక ఒకే తోట నుండి వచ్చిన 2009 సీసాకూ 2013 సీసాకూ మధ్య తేడా ఉండడం నిజమే.

ఈ తేడాను పరిశీలించేందుకు నిపుణులు ఒకే తోటకు చెందిన వివిధ సంవత్సరాల వైన్లను వరుసగా గ్లాసుల్లో పోసి పెడతారు. తెల్లని గుడ్డ మీద గ్లాసును వంచి రంగు చూస్తారు. కొత్త వైన్ ఊదా ఛాయలో ఉంటుంది; ఏళ్లు గడిచేకొద్దీ ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఆ తరువాత వాసన చూస్తారు. ఆ పిమ్మట ఒక గుక్క నోట్లో పోసుకొని నాలుక అంతటా తిప్పుతారు. కరక్కాయ కొరికితేనో, పచ్చి అరటికాయ నమిలితేనో నోరు పట్టేసినట్టు ఉంటుంది చూడండి, ఆ వగరును ఇచ్చే పదార్థాలను టానిన్లు అంటారు. ఇవి ద్రాక్ష తొక్క నుండి, గింజల నుండి వస్తాయి. మంచి వైనులో కాలం గడిచేకొద్దీ ఆ వగరు మెత్తబడుతుంది. పాతదానికి విలువ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడ వైద్యునిగా నాకు నచ్చిన ఒక సంగతి ఉంది. ఇలా వృత్తిగా రుచి చూసేవారు నోట్లో పోసుకున్న వైనును మింగరు. పక్కనున్న పాత్రలో ఉమ్మివేస్తారు. ఒకే పూట ఇరవై ముప్పై రకాలు పరీక్షించవలసిన మనిషి మింగుతూ పోతే నాలుకా, తెలివీ రెండూ పనిచేయవని వారికి తెలుసు. వైనును అందరికన్నా ఎక్కువగా ఎరిగినవారు దానిని మత్తు పదార్థంగానే చూసి జాగ్రత్త పడుతున్నారన్న మాట.

పాతదంతా మేలైనది కాదు

పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం అంటూ పాతదానికి విలువ ఇచ్చే అలవాటు మనకు ఉంది. ఆ అలవాటుతోనే పాత వైన్ కూడా గొప్పదనుకుంటాం. నిజానికి ప్రపంచంలో తయారయ్యే వైనులో అత్యధిక భాగం రెండు మూడేళ్లలో తాగడానికి ఉద్దేశించినదే. ఏళ్ల తరబడి నిలిచి మెరుగుపడేవి కొన్ని మాత్రమే. అవి కూడా పన్నెండు, పద్నాలుగు డిగ్రీల చల్లదనంలో, వెలుతురు తగలని నేలమాళిగలలో పడుకోబెట్టినప్పుడే మెరుగుపడతాయి. మన కడప జిల్లాలో మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, బీరువా మీద నిలబెట్టి ఉంచిన సీసా ఒక్క వేసవి గడిచేసరికే రుచి కోల్పోతుంది. బిరడా ఎండి గాలి చొరబడితే పులుపెక్కి పాడవుతుంది. పదేళ్లు దాచి మనుమడి పెళ్లికి తెరుద్దామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుకను లేబులు ఏలుతుంది

రుచి విషయంలో కూడా మన నాలుక మనం అనుకున్నంత స్వతంత్రమైనది కాదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఒక పోటీ ఏర్పాటు చేశాడు. పేర్లు కనబడకుండా బోర్డో వైన్లనూ, కాలిఫోర్నియా వైన్లనూ కలిపి ఫ్రెంచి నిపుణుల ముందు ఉంచారు. బోర్డో వైపు నుండి వచ్చినవి 1970, 1971 పంటలకు చెందిన పేరుపొందిన సీసాలు. ఫలితం వచ్చేసరికి మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు దక్కింది. 1970 నాటి షాటో మూటోన్ రోత్‌షీల్డ్ రెండవ స్థానంలో నిలిచింది. పేరు తెలియనప్పుడు నాలుక ఒక తీర్పు చెప్పింది. పేరు తెలిసి ఉంటే ఆ తీర్పు అదే అయి ఉండేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులపై ఒక ప్రయోగఫలితం వెలువడింది. తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు రెడ్ వైనుకు వాడే మాటలతోనే దానిని వర్ణించారు. 2008లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధనలో ఒకే వైనును ఒకసారి 10 డాలర్లదని, మరొకసారి 90 డాలర్లదని చెప్పి ఇరవై మందికి రుచి చూపించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు వారికి రుచి ఎక్కువగా అనిపించింది. అంతేకాదు, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం కూడా ఎక్కువ చురుకుగా ఉన్నట్టు స్కానింగులో కనబడింది. అంటే వారు అబద్ధం చెప్పలేదు. ధర వారి అనుభవాన్నే మార్చివేసింది.

ఈ ప్రయోగాలను నేను ప్రస్తావించడం రుచి చూసేవారిని ఎగతాళి చేయడానికి కాదు. ధర, రంగు, పేరు కలిసి నాలుకనే మార్చగలిగినప్పుడు, "గుండెకు మంచిది" అనే మాట మన నమ్మకాన్ని మార్చడం ఎంత సులభమో గమనించమని కోరుతున్నాను. కొడుకు ప్రేమతో తెచ్చిన సీసా, దాని మీద ఫ్రెంచి అక్షరాలు, పాత సంవత్సరం, పెద్ద ధర కలిస్తే దానిని ఔషధంగా భావించడం సహజం. మన భాషలో మద్యానికీ, ఔషధానికీ 'మందు' అన్న ఒకే మాట ఉండడం కూడా ఈ భ్రమకు తోడ్పడుతూనే ఉంది.

గుండెకు మేలు అన్న మాట ఎక్కడిది?

1991 నవంబరులో అమెరికాలో '60 మినిట్స్' అనే టెలివిజన్ కార్యక్రమం ఫ్రెంచివారి గుండె గురించి ప్రసారమైంది. వెన్న, జున్ను, మాంసం బాగా తినే ఫ్రెంచివారిలో గుండెపోటు మరణాలు తక్కువగా ఉన్నాయనీ, దానికి రెడ్ వైన్ కారణం కావచ్చనీ అందులో చెప్పారు. అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. 1992లో సెర్జ్ రెనో అనే శాస్త్రవేత్త తన సహచరునితో కలిసి 'లాన్సెట్' పత్రికలో ఈ వాదాన్ని ప్రచురించాడు. ఆనాటి నుండి ఈ మాట ఖండాలు దాటి మన ఊళ్లకు చేరింది.

ఆ వాదంలోని లోపాలు క్రమంగా బయటపడ్డాయి. తాగనివారిని, కొద్దిగా తాగేవారిని పోల్చిన పరిశోధనలలో 'తాగనివారు' అన్న గుంపులో జబ్బు చేసి తాగుడు మానేసినవారు కూడా కలిసి ఉన్నారని 1988లోనే బ్రిటిష్ పరిశోధకులు ఎత్తిచూపారు. అటువంటి గుంపుతో పోలిస్తే ఎవరైనా ఆరోగ్యంగానే కనిపిస్తారు. పైగా మితంగా వైన్ తాగేవారిలో చాలామంది చదువు, సంపద, మంచి ఆహారం, వ్యాయామం ఉన్నవారు. మేలు చేసినది గ్లాసా, ఆ జీవనమా? 2023లో వెలువడిన ఒక విశ్లేషణ 107 పరిశోధనలను, సుమారు 48 లక్షల మంది వివరాలను ఇలాంటి లోపాలు సవరించి పరిశీలించింది. కొద్దిగా తాగేవారిలో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గినట్టు అందులో తేలలేదు.

రెస్వెరట్రాల్ అనే పదార్థం కథ కూడా ఇటువంటిదే. ఇది ద్రాక్ష తొక్కలో ఉంటుంది. అయితే లీటరు రెడ్ వైనులో ఉండేది కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ఇటలీలో వైనుకు పేరుపొందిన కియాంటి ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2014లో వెలువడింది. ఆహారం ద్వారా రెస్వెరట్రాల్ ఎక్కువగా అందినవారికి ఆయుష్షు పెరగలేదు, గుండెజబ్బు గాని, క్యాన్సరు గాని తగ్గలేదు. అదే పదార్థం మన రాయలసీమ బుడ్డల్లోనూ స్వల్పంగా ఉంది. దాని కోసం బుడ్డలను ఎవరూ మందుగా తినరు కదా!

ఈ చర్చ వైద్యలోకంలో పూర్తిగా ముగిసిందని నేను అనను. కొన్ని గుండెజబ్బుల విషయంలో స్వల్పమైన మేలు ఉండవచ్చునని వాదించే పరిశోధకులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మేలు ఉన్నదని ఒప్పుకున్నా, తక్కెడలో అవతలి వైపు ఉన్నదేమిటో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 1988లోనే మద్యపానాన్ని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. వైన్, విస్కీ, సారా అన్న భేదం ఈ విషయంలో లేదు. లోపల ఉన్న ఆల్కహాలు ఒక్కటే. మద్యపానంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని 2023 జనవరిలో ఆ సంస్థ స్పష్టంగా ప్రకటించింది.

సంవత్సరం కాదు, శాతం చూడండి

సీసా మీద వైద్యుడు చూడమనే అంకె వేరొకటి ఉంది. అది ఆల్కహాలు శాతం. ఒకప్పుడు బోర్డో వైన్లు సాధారణంగా 12, 12.5 శాతం ఉండేవి. వాతావరణం వేడెక్కడం వల్ల, పండును బాగా మాగనిచ్చి కోయడం వల్ల ద్రాక్షలో చక్కెర పెరిగింది. ఆ చక్కెరే ఆల్కహాలుగా మారుతుంది. అందువల్ల ఇటీవలి మేలైన పంట ఏళ్ల సీసాల మీద 14, 14.5 శాతం కూడా కనిపిస్తోంది. రుచి నిపుణుడు పాత కొత్త పంటలను పోల్చినప్పుడు సువాసనల తేడా చెబుతాడు. వైద్యునికి కనిపించే తేడా ఇది.

లెక్క చూద్దాం. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 12.5 శాతం వైనైతే సుమారు 15 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 14.5 శాతమైతే 17 గ్రాములు దాటుతుంది. 14.5 శాతం గల 750 మిల్లీలీటర్ల నిండు సీసాలో దాదాపు 86 గ్రాములు. ఇప్పుడు మన ఊళ్లో దొరికే విస్కీ క్వార్టర్ సంగతి చూడండి. 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అందులో ఉన్నది సుమారు 61 గ్రాములు. ఒక వైన్ సీసాను ఇద్దరు మిత్రులు ఒక సాయంత్రం పూర్తి చేస్తే తలా 43 గ్రాములు. అంటే క్వార్టర్‌లో మూడింట రెండు వంతులకన్నా ఎక్కువ.

క్వార్టర్ తాగి వచ్చిన మనిషిని ఇల్లాలు నిలదీస్తుంది, వీధి వేలెత్తి చూపుతుంది. ఫ్రెంచి సీసా తెరిచిన ఇంట్లో అదే ఆల్కహాలు మర్యాదగా బల్ల మీదికి వస్తుంది. కాలేయానికి ఈ మర్యాద తెలియదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల ఆరంభంలో సారా మీద పోరాడినప్పుడు వారు చూసినది సీసాలో ఉన్న పదార్థం సంసారానికి చేసిన చేటును. ఆ చూపు ఖరీదైన సీసాల విషయంలో మనకు ఎందుకు మసకబారాలి?

ఫ్రాన్సు తన ప్రజలకు ఏమి చెబుతోంది?

అమెరికా టెలివిజన్ ఫ్రెంచి వైనును పొగిడిన 1991లోనే ఫ్రాన్సు తన దేశంలో మద్యం ప్రకటనలను కట్టడి చేస్తూ 'ఎవాఁ చట్టం' తెచ్చింది. 2007 నుండి అక్కడ అమ్మే సీసాల మీద గర్భిణులు తాగరాదన్న గుర్తు గాని, హెచ్చరిక గాని తప్పనిసరి అయింది. 2017లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నిపుణులు వారానికి పది గ్లాసులు మించరాదనీ, రోజుకు రెండు మించరాదనీ, వారంలో కొన్ని రోజులు అసలు ముట్టరాదనీ సూచించారు. వారు లెక్కించిన గ్లాసు పది గ్రాముల ఆల్కహాలు మాత్రమే. మనం ఇళ్లలో పోసుకునే గ్లాసు అంతకన్నా పెద్దది. 1960ల ఆరంభంలో ఏడాదికి తలా వంద లీటర్లకు పైగా వైన్ తాగిన ఆ దేశం నేడు అందులో సగం కూడా తాగడం లేదు. వైనును కనిపెంచిన వారే తగ్గించుకుంటుంటే మనం దానిని గుండె మందుగా ఇంటికి తెచ్చుకోవడం ఏమి న్యాయం?

రక్తం పట్టదు

మన ప్రాంతంలో మరొక నమ్మకం ఉంది. రెడ్ వైన్ ఎర్రగా ఉంటుంది కనుక తాగితే రక్తం పడుతుందని బాలింతలకు, రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు కొద్దిగా ఇవ్వమనేవారు ఉన్నారు. ఆ ఎరుపు ద్రాక్ష తొక్కలోని రంగు, ఇనుము కాదు. పైగా ఇందాక చెప్పుకున్న టానిన్లు ఆకుకూరలు, పప్పుల నుండి వచ్చే ఇనుమును పేగులు గ్రహించకుండా అడ్డుకుంటాయి. పాలిచ్చే తల్లి తాగిన ఆల్కహాలు పాలలోకి చేరి బిడ్డకు అందుతుంది. రక్తం పట్టడానికి ఆకుకూరలు, గుడ్లు, మాంసం, వాటితోపాటు నిమ్మరసం, వైద్యుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు చాలు.

నా సలహా

ఇప్పటివరకు మద్యం ముట్టనివారు ఆరోగ్యం కోసమని రెడ్ వైన్ మొదలుపెట్టవద్దు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, ఒకసారి తాగుడు నుండి బయటపడినవారు ఒక్క గుక్క కూడా తీసుకోరాదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలు గాని వాడేవారికి మద్యం వల్ల రాత్రివేళ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మగతను మత్తుగా పొరబడి ఇంట్లోవారు నిద్రపోనిస్తే ప్రాణానికే ముప్పు. మెట్రోనిడజోల్, నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు కూడా దూరంగా ఉండాలి. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారు మాత్రం ఒక్కసారిగా మానకుండా, వైద్యుని పర్యవేక్షణలో మానాలి. హఠాత్తుగా ఆపితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలుగవచ్చు.

ఇవేవీ లేని పెద్దలు ఎప్పుడో ఒకనాడు ఒక మంచి వైనును రుచి కోసం కొద్దిగా పుచ్చుకుంటే దానిని రుచిగానే పుచ్చుకోండి. ఏ ఏటి పంటలో వగరు ఎక్కువ, ఏ ఏటి పంటలో పండు వాసన ఎక్కువ అని మాట్లాడుకోండి. అదొక తెలివిగల వినోదమే. దానికి వైద్యం పేరు పెట్టవద్దు. ఆ పూట బండి తాళాలు ముట్టవద్దు.

విదేశాలలో ఉన్న బిడ్డలకు ఒక మాట. నాయనలారా, తల్లితండ్రుల గుండె మీద ప్రేమ ఉంటే ఈసారి వచ్చేటప్పుడు ఒక మంచి రక్తపోటు యంత్రం తెచ్చిపెట్టండి. దానిని ఎలా వాడాలో దగ్గర కూర్చుని నేర్పండి. ఉన్న నాలుగు రోజులూ తెల్లవారుజామున వారితో కలిసి ఊరి చివరిదాకా నడవండి. మాత్రలు వేళకు వేసుకుంటున్నారో లేదో ఫోనులో అడుగుతూ ఉండండి. నలభై ఏళ్ల వైద్యవృత్తిలో గుండెను కాపాడిన వాటిని నేను చూసినంతవరకు అవి ఇటువంటివే. వాటి మీద ఏ సంవత్సరమూ ముద్రించి ఉండదు.